ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్ చూశాక ప్రార్థనలో కూర్చోలేకపోతున్నా, మీకెవరికైనా ఇలా అయిందా?

ఒలీవకొమ్మ:
అందరికీ వందనాలు. మెల్ గిబ్సన్ తీసిన ద ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్ గురించి అడుగుతున్నాను. 2004 లో వచ్చిన సినిమా, అప్పట్నుంచీ చూడు చూడు అన్నవాళ్ళే అందరూ, నాకే ధైర్యం చాలక వాయిదా వేస్తూ వచ్చాను, మొన్న కూర్చుని మొత్తం చూశాను. అప్పట్నుంచి మనసేం బాలేదు.

ఏడ్చాను, చాలా ఏడ్చాను. కానీ అది భక్తితో వచ్చిన ఏడుపా, భయంతో వచ్చిందా అనేది నాకే తెలియట్లేదు. ఆ కొరడాల సీన్ ఉంది కదా, దాదాపు పది నిమిషాలు. ముందు బెత్తాలతో కొడతారు, ఆయన కూలబడి మళ్ళీ నెమ్మదిగా లేచి నిలబడతాడు, అది చూసి ఆ సైనికులకి పంతం పుట్టి ఇనప ముక్కలు కట్టిన కొరడాలు తీస్తారు. ఒకడు దాన్ని ముందు బల్ల మీద కొట్టి చూస్తాడు, కొక్కేలు చెక్కలో దిగబడిపోతాయి, ఇక అది ఒంటి మీద పడితే ఏమవుతుందో మనకి ముందే తెలిసిపోతుంది. లాటిన్ లో లెక్కపెడుతూనే ఉంటారు. నేను మధ్యలో కళ్ళు మూసేసుకున్నా, చప్పుడు మాత్రం వినబడుతూనే ఉంది. ఇప్పుడు ప్రార్థనకి మోకరిస్తే చాలు ఆ చీలిపోయిన వీపే కళ్ళముందుకొస్తోంది, నోట మాట రావట్లేదు.

తర్వాత సువార్తలు, అదే బైబిల్లో యేసు జీవితం చెప్పే నాలుగు పుస్తకాలు, తీసి చదివా. యోహాను 19:1, ఒక్క వచనం, రోమా అధికారి పిలాతు కొరడాలతో కొట్టించాడు, అంతే. మత్తయి, మార్కు అయితే వేరే సంగతి చెప్తూ మధ్యలో ఆ మాట అనేసి ముందుకెళ్ళిపోతారు. లూకాలో శిక్షించి వదిలేస్తానని పిలాతు అనడమే ఉంది, కొట్టడం గురించి వర్ణనే లేదు. దగ్గరుండి చూసినవాళ్ళ సాక్ష్యం కదండీ అది. వాళ్ళు అంత తక్కువలో ఆపేసిన చోట ఈయన ఇంతసేపు కెమెరా ఎందుకు పెట్టాడు అనేది నన్ను తొలిచేస్తోంది.

ఇంకోటి చెప్పాలి. నన్ను నిజంగా కదిలించినవి దెబ్బలు కాదు. సిలువ మోస్తూ ఆయన పడిపోయినప్పుడు తల్లి మరియకి చిన్నప్పుడు పిల్లాడు పరిగెడుతూ పడిపోయిన సంగతి గుర్తొస్తుంది, అప్పుడు ఎలా పరిగెత్తిందో ఇప్పుడూ అలాగే పరిగెత్తుకెళ్ళి నేనున్నాను అంటుంది. అలాగే కొరడాల తర్వాత అంతా వెళ్ళిపోయాక ఆ రాళ్ళ మీద మోకాళ్ళూని తెల్లగుడ్డలతో నెత్తురు తుడుస్తుంది. ఆ రెండు చోట్లా నాకు ప్రభువు కనబడ్డాడు. మిగతా చోట దెబ్బలు తింటున్న శరీరం ఒకటే కనబడింది.

అడగాలనుకున్నవి రెండు. కళ్ళు మూసుకున్నానని చెప్తే మా సంఘంలో ఒక పెద్దాయన "ఆయన భరించాడు, నువ్వు చూడను కూడా చూడలేవా" అన్నారు. ఇది విశ్వాసం తక్కువవడమేనా? రెండోది, గుడ్ ఫ్రైడేకి మా యూత్ కి ఈ సినిమా వేద్దామంటున్నారు, వాళ్ళలో పన్నెండు పదమూడేళ్ళ పిల్లలు కూడా ఉన్నారు. వేయొచ్చా?

తోమా22:
సిస్టర్, నేను మీకు ఎదురు చెప్పడానికి రాయట్లేదు గానీ ఈ సినిమాకి నేను రుణపడి ఉన్నా, అందుకే రాస్తున్నా. నేను పుట్టుకతో చర్చిలో పెరిగినవాణ్ణి. రక్తం, సిలువ, గాయాలు అనే మాటలు పాటల్లో ఎన్నిసార్లు పాడానో లెక్కలేదు, పాడుతూ పక్కనున్న ఫ్రెండ్ తో కబుర్లు కూడా చెప్పేవాణ్ణి. పాత యేసు సినిమాల్లో అయితే నుదుటి మీద రెండు ఎర్ర గీతలు, చెదరని జుట్టు, అంతే. అలాంటిది ఈ సినిమా చూసిన రాత్రి బైబిల్లో యెషయా ప్రవక్త పుస్తకం 53 తీసి "మన దోషములనుబట్టి నలుగగొట్టబడెను" అని చదివితే ఆ నలుగగొట్టబడటం అంటే ఏంటో మొదటిసారి ఒళ్ళు తెలిసి చదివా. డైరెక్టర్ కూడా సినిమా మొదట్లో వేసింది ఆ వచనమే కదా.

అపొస్తలుడైన పౌలు గలతీయులకి ఉత్తరం రాస్తూ సిలువవేయబడిన యేసుక్రీస్తు "మీ కన్నులయెదుట ప్రదర్శింపబడెనుగదా" అంటాడు. అంటే కళ్ళకి కట్టినట్టు చూపించడం తప్పేం కాదు, అపొస్తలుడే చేశాడు. మనమే సిలువని బంగారు గొలుసుకి వేలాడదీసుకుని అది చంపే సాధనం అనే సంగతి మర్చిపోయాం, ఎవరో ఒకరు గట్టిగా గుర్తుచేయాలి కదా అని నా బాధ.

అయితే పన్నెండేళ్ళ పిల్లలకి మాత్రం వద్దు. అమెరికాలో కూడా దీనికి ఆర్ రేటింగ్ ఇచ్చారు, అంటే పదిహేడేళ్ళలోపు వాళ్ళు పెద్దవాళ్ళు తోడు లేకుండా చూడకూడదని. యేసు సినిమా కదా అని ఆ సంగతి పక్కన పెట్టేస్తున్నారు మనవాళ్ళు. మిగతా సినిమాల్లో ఇందులో పావు వంతు నెత్తురు ఉన్నా పిల్లల్ని లేపి బయటికి పంపేసే తల్లిదండ్రులే దీనికి ముందు వరసలో కూర్చోబెడతారు.

పాతసంచిక:
తోమా గారూ, పౌలు చూపించింది మాటలతో అండి. మార్కు సిలువవేయడాన్ని మూడు ముక్కల్లో చెప్పేసి వెంటనే బట్టలు పంచుకోవడం దగ్గరికి వెళ్ళిపోతాడు, మేకుల మాట కూడా ఎత్తడు. ఆ రోజుల్లో చదివేవాళ్ళకి వర్ణించక్కర్లేదు, ఊరి బయట దారి పక్కన వాళ్ళు చూసే ఉంటారు. అందుకని మనకి వర్ణన కావాలి అని మీరంటే సరే ఒప్పుకుంటా, కానీ ఎంత కావాలి అనేదే సిస్టర్ అడిగింది.

నైట్‌షిఫ్ట్:
నేను నర్సుని, ఇరవై ఏళ్ళ సర్వీసు. ఆ కోణంలో నాలుగు మాటలు, కొంచెం పెద్దదవుతుంది ఓపిగ్గా చదవండి.

ముందు ఒలీవకొమ్మ చెల్లీ, ప్రార్థనలో ఆ దృశ్యమే రావడం అనేది విశ్వాసానికి సంబంధించింది కాదు. ఘోరమైన యాక్సిడెంట్ కేసు చూసిన కొత్త నర్సులకి కూడా అలాగే అవుతుంది, తిండి తినబోతే అదే గుర్తొస్తుంది. మెల్లగా తగ్గుతుంది. దాంతో కొట్లాడకు, కళ్ళు తెరిచే ప్రార్థన చెయ్యి, కీర్తన ఏదైనా పైకి చదువు. రాత్రుళ్ళు నిద్ర పట్టకపోవడం, కొన్ని వారాలైనా తగ్గకపోవడం ఉంటే మాత్రం డాక్టర్ తో మాట్లాడు, సిగ్గుపడకు.

ఇక సినిమా సంగతి. రోమీయుల కొరడా శిక్ష మామూలుది కాదు, అందులో అనుమానం లేదు. యూదుల ధర్మశాస్త్రంలో నలభై దెబ్బలు దాటకూడదని ఉంది, పౌలు కూడా ఒకటి తక్కువ నలభై ఐదుసార్లు తిన్నానంటాడు, కానీ ఆ హద్దు యూదులది, రోమా సైనికులకి వర్తించదు. ప్రభువు బాగా నీరసించిపోయాడని సువార్తల్లోనే తెలుస్తుంది, సిలువ మోయడానికి కురేనీయుడైన సీమోనుని పట్టుకొచ్చారు, తొమ్మిదింటికి సిలువవేస్తే మధ్యాహ్నం మూడింటికల్లా ప్రాణం విడిచాడు, ఇంత త్వరగానా అని పిలాతే ఆశ్చర్యపోయాడు అని మార్కు రాశాడు. సిలువ మీద రోజుల తరబడి ఉండేవాళ్ళు కొందరు. కాబట్టి దెబ్బలు దారుణంగానే పడి ఉంటాయి. కానీ సినిమాలో చూపించినంత నెత్తురు పోతే నాకు తెలిసినంతలో ఏ మనిషీ ఆ స్తంభం దగ్గర్నుంచి లేచి నడవలేడు. అంటే అక్కడ చూపించింది జరిగింది జరిగినట్టు కాదు, మన పాపం ఎంత బరువో చెప్పడానికి డైరెక్టర్ పెంచి వేసిన బొమ్మ. అలా తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు, "అచ్చం ఇలాగే జరిగింది" అని పిల్లలకి చెప్తే ఉంది.

1968 లో యెరూషలేముకి ఉత్తరాన ఒక సమాధి బయటపడింది. అందులో ఎముకల పెట్టె మీద యెహోహానాన్ అని పేరు, లోపల మడమ ఎముక, దాంట్లో ఇంకా ఇనప మేకు గుచ్చుకునే ఉంది. మేకు కొన వంగిపోయి ఉంది, బహుశా అందుకే తీయలేక అలాగే పాతిపెట్టి ఉంటారు. నాకు ఆ మడమ ఎముక ఫొటో ఈ సినిమా మొత్తం కంటే ఎక్కువ భయం పుట్టించింది. అందులో చుక్క నెత్తురు లేదు, ఎవరో ఒక తల్లి కొడుకు అంతే, తర్వాత ఎవరో ప్రేమగా ఎముకలేరి పెట్టెలో పెట్టారు.

అలాగని గాయాలు చూపించడమే తప్పని నేననను. జర్మన్ చిత్రకారుడు గ్రూనెవాల్డ్ 1512 నుంచి 1516 లోపు ఇసెన్‌హైమ్ అనే చోట సన్యాసుల ఆసుపత్రి గుడికి సిలువ చిత్రం వేశాడు, ఇప్పుడది ఫ్రాన్స్ లో కోల్మార్ మ్యూజియంలో ఉంది. ఆ యేసు ఒళ్ళంతా పుండ్లు, చర్మం పచ్చగా మారిపోయి ఉంటుంది, వేళ్ళు మెలికలు తిరిగి పైకి బిగుసుకుపోయి ఉంటాయి. అక్కడ చేరే రోగుల్లో ఎక్కువమంది బూజు పట్టిన రై గింజల వల్ల వచ్చే జబ్బుతో కాళ్ళూ చేతులూ కుళ్ళిపోయినవాళ్ళు. వాళ్ళని ఆ చిత్రం ముందుకి తీసుకొచ్చేవాళ్ళు. మన ఒంటి మీదున్న పుండ్లే ఆయన ఒంటి మీదా ఉన్నాయి అని వాళ్ళు చూసుకునేవాళ్ళు. చూడు, అది కూడా భయంకరమైన బొమ్మే, కానీ దాన్ని ఎవరికోసం వేశారో ఆ మనుషులు వేసినవాడి కళ్ళముందున్నారు. సినిమాకి ఆ వీలు లేదు, ఎవరు చూస్తారో తెలియదు, కాన్సర్ తో ఉన్నామె చూస్తే ఒకలాగా ఉంటుంది, పన్నెండేళ్ళ పిల్లాడు చూస్తే ఇంకోలాగా ఉంటుంది. అందుకే వేసేముందు ఎవరికి వేస్తున్నామో చూసుకోవాలి.

సమరయస్త్రీ:
కళ్ళు మూసుకోవడం గురించి ఒక్క మాట. లూకా 23:49 చదవండి, ఆయనకి తెలిసినవాళ్ళూ, గలిలయ నుంచి వెంట వచ్చిన స్త్రీలూ దూరంగా నిలబడి చూశారు. దూరంగా. వాళ్ళని ఎవరూ తప్పుపట్టలేదు, ఆదివారం పొద్దున్నే సమాధి దగ్గరికి వెళ్ళింది ఆ ఆడవాళ్ళే. మీ పెద్దాయనకి ఆ వచనం చూపించండి అక్కా.

మెలకువ:
నేను కొంచెం గట్టిగానే అంటా. ఇంత సున్నితంగా ఉంటే ఎలాగండి మనం? తట్టుకోలేని దాన్ని చూపించడమే ఆ సినిమా ఉద్దేశం. చూసి నిద్ర పట్టలేదంటే అది పనిచేసినట్టే. మా పాస్టర్ గారు ప్రతి ఏడూ చూస్తారు, ప్రతిసారీ ఏడుస్తారు. ప్రార్థన రాకపోవడం కూడా ఒక ప్రార్థనే అనుకోవచ్చు కదా, ఆయన ముందు నోరు పెగలకపోతే అది తప్పెలా అవుతుంది?

ఒలీవకొమ్మ:
మెలకువ గారూ, మీ చివరి మాట నాకు సాయం చేసింది, థాంక్స్ అండి. కానీ పనిచేసినట్టే అన్నారే, దాని దగ్గరే నాకు కుదరట్లేదు. ఆ కొట్టే సైనికులు నవ్వుతుంటారు కదా, వాళ్ళ మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే పట్టుకుని కొట్టాలనిపించింది. "తండ్రీ వీరిని క్షమించుము" అని ఆయన అంటుంటే నేను ఇంకా ఆ కోపంలోనే ఉన్నా, ఆ మాట నాకు ఎక్కలేదు. నెత్తురు ఎక్కువైన కొద్దీ నా పాపం గుర్తుకు రాలేదు, వాళ్ళ పాపమే కనబడింది. పిల్లలకి కూడా ఇదే అయితే? వాళ్ళు చూసొచ్చి ఎవరో చెడ్డవాళ్ళు మన యేసుని చంపేశారు అనుకుంటే?

పాతసంచిక:
ఒలీవకొమ్మ గారూ, ఇందాకట్నుంచి నేను చెప్దామనుకుంటున్నది ఇదే. ఆ "ఎవరో చెడ్డవాళ్ళు" ఎవరనేది సినిమాలో చాలా స్పష్టంగా ఉంది, అదే ప్రమాదం. ఈస్టర్ ముందు వారంలో ఇలాంటి నాటకాలు చూసొచ్చి జనం యూదుల ఇళ్ళ మీద పడ్డ చరిత్ర యూరప్ లో శతాబ్దాల పాటు ఉంది. అందుకే కాథలిక్కుల వాటికన్ రెండో మహాసభ 1965 అక్టోబర్ 28 న ఇచ్చిన ప్రకటనలో యేసు శ్రమలకి అప్పటి యూదులందరినీ గానీ ఇప్పటి యూదులని గానీ బాధ్యుల్ని చేయకూడదని తేల్చి చెప్పారు. ఈ సినిమా వచ్చినప్పుడు యూదులు భయపడ్డారంటే ఊరికే భయపడలేదు. "వాని రక్తము మామీదను మా పిల్లలమీదను" అని యూదుల గుంపు అరిచే మత్తయి 27:25 మాట దగ్గర గొడవ జరిగింది కూడా, చివరికి ఆ మాట సినిమాలో వాడిన పాత భాష అరమాయిక్ లో వినబడుతుంది గానీ కింద సబ్‌టైటిల్ తీసేశారు.

పిలాతుని చూడండి, ఎంత మంచివాడిలా ఉంటాడో, భార్యతో కూర్చుని సత్యం అంటే ఏంటని బాధపడుతుంటాడు. అసలు పిలాతు గురించి లూకా 13:1 లో ఏముంది? గలిలయవాళ్ళని బలి అర్పిస్తుండగానే చంపించాడని. తర్వాత సమరయుల మీద ఊచకోత చేయించినందుకు పదవే పోయిందని ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. అలాంటివాణ్ణి మెత్తగా చూపిస్తే ఆ బరువంతా ప్రధానయాజకుల మీదా జనం మీదా పడుతుంది.

మీకు నచ్చిన సీన్ గురించి ఒకటి చెప్తా, బాధపడకండి. తుడిచే తెల్లగుడ్డలు పిలాతు భార్య తెచ్చిస్తుంది కదా, అది సువార్తల్లో లేదు. ఆన్ కాథరిన్ ఎమ్మెరిక్ అని జర్మనీలో ఒక సన్యాసిని ఉండేది, ఆవిడ దర్శనాలని బ్రెంటానో అనే కవి రాసి 1833 లో అచ్చేశాడు, ఆ పుస్తకం నుంచి తీసుకున్నారు. సువార్తలో పిలాతు భార్యకి కల వచ్చిందని మత్తయి ఒక్క వచనం రాశాడు, అంతే. అయినా ఆ సీన్ నాకూ ఇష్టమే. తల్లి అయితే అలాగే చేస్తుంది. లేనిది కలిపినా మనిషిని దగ్గర చేసింది, లేని దెబ్బలు కలిపితే మనిషి దూరమయ్యాడు. మీరు మొదట చెప్పింది కూడా ఇదే అనుకుంటా.

తోమా22:
పాతసంచిక గారు చెప్పిన యూదుల సంగతి నేను ఇన్నాళ్ళూ సీరియస్ గా తీసుకోలేదు, ఏదో అమెరికా గొడవ అనుకున్నా. ఒకటి మాత్రం చెప్పాలి, అందులో మరియగా చేసినావిడ మాయా మోర్గెన్‌స్టెర్న్ రొమేనియాకి చెందిన యూదురాలే. సీమోనుని సైనికుడు "యూదుడా" అని తిడతాడు, తిట్టించుకున్న ఆ సీమోనే ఇంకొట్టకండి అని ఎదురు తిరుగుతాడు, సిలువ కింద ప్రభువు చెయ్యీ ఆయన చెయ్యీ కలిసిపోయి ఉంటాయి. సినిమాలో ప్రభువు తర్వాత నాకు అందరికంటే దగ్గరైనవాడు ఆయనే. కాబట్టి అంతా ఒకవైపే ఉందనను. కానీ యూత్ కి వేస్తే ముందే ఎవరో ఒకరు ఈ సంగతి కూర్చోబెట్టి చెప్పాలి, చెప్పేవాళ్ళు లేకపోతే వేయకపోవడమే నయం.

ఒలీవకొమ్మ:
అందరికీ చాలా థాంక్స్ అండి. నైట్‌షిఫ్ట్ అక్కా, మీరన్నట్టు కళ్ళు తెరిచి కీర్తన 22 పైకి చదివా, "నా దేవా నా దేవా నీవు నన్నేల విడనాడితివి" దగ్గర మొదలై ఆ కీర్తన చివరికి స్తుతితో ముగుస్తుంది, అది చదువుతుంటే కొంచెం నోరు తెరుచుకుంది. పాస్టర్ గారితో కూడా మాట్లాడాను, పెద్దాయన కూడా ఉన్నారు, లూకా 23:49 చదివి వినిపిస్తే ఏమీ అనలేదు ఆయన. చిన్నపిల్లలకి వద్దనే దానికి పాస్టర్ గారు ఒప్పుకున్నారు. పెద్దవాళ్ళకి, డిగ్రీ చదివే పిల్లలకి వేద్దాం, రావాలా వద్దా వాళ్ళ ఇష్టం అన్నారు. 2005 లో కొన్ని నిమిషాలు కత్తిరించి మళ్ళీ రిలీజ్ చేశారట కదా, అది వేస్తే సరిపోతుందా? ముందుగా మార్కు 14, 15 చదివించి మొదలుపెడదామనుకుంటున్నా.

నైట్‌షిఫ్ట్:
2005 ది నేనూ చూశా చెల్లీ, ఐదారు నిమిషాలు తగ్గింది గానీ అది కూడా పెద్దవాళ్ళ సినిమానే, దాన్ని నమ్ముకుని చిన్నపిల్లల్ని మాత్రం రానివ్వకండి. కొరడాల సీన్ మొదలయ్యేముందు ఆపి, ఇప్పుడు ఇది వస్తుంది, బయటికి వెళ్ళేవాళ్ళు వెళ్ళొచ్చు అని చెప్పండి, తలుపు దగ్గర ఒకరు నిలబడి వచ్చినవాళ్ళతో మాట్లాడుతూ ఉండాలి. ఇంకోటి, పునరుత్థానం చివర్లో నిండా రెండు నిమిషాలు కూడా ఉండదు, ఆయనకి చుట్టిన బట్ట కుంగిపోవడం, ఆయన ముఖం, చేతిలో గాయం రంధ్రం, అయిపోతుంది. అప్పటికే జనం లేచి చెప్పులు వెతుక్కుంటుంటారు. అవగానే ఎవర్నీ వెళ్ళనివ్వకుండా యోహాను 20 మొత్తం చదివించండి, మగ్దలేనే మరియ తోటలో ఆయన్ని గుర్తుపట్టే దాకా అయినా. దానికి పావుగంట పడుతుందని ముందే అనౌన్స్ చేసి పెట్టుకోండి, లేకపోతే టైమ్ అయిపోయిందని సగంలో పంపించేస్తారు.